ఆమె అడిగిన నాలుగో ప్రశ్న

ఆ బడిలో నాకు రెండు పనులుండేవి. పొద్దున మూడో తరగతికి పాఠాలు చెప్పడం, మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆఫీసు గదిలో కూర్చుని రిజిస్టర్లు రాయడం. తిరువళ్లూరు బజారు వెనక సందులో, పెంకుల కప్పు కింద నడిచే చిన్న ప్రైవేటు బడి అది. దాన్ని నడిపే పెద్దాయనను మేమంతా కరస్పాండెంటు సారు అనేవాళ్ళం. ఆయన తమిళుడు, తెలుగు బొత్తిగా రాదు. నా చేతిరాత బాగుంటుందని, కొత్త టీచర్లను తీసుకునేటప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వాళ్ళు చెప్పే జవాబులు రాయించేవాడు. డెబ్బయ్యవ దశకం చివరి రోజులు. నాకు ఇరవై నాలుగేళ్ళు. తిరువాలంగాడు పక్కన మా పల్లె. రోజూ రైల్లో వచ్చిపోయేదాన్ని.

ఆ జూన్‌లో రెండో తరగతికి టీచరు కావలసివచ్చింది. ఒక శనివారం పొద్దున ముగ్గురు వచ్చారు.

సారు ప్రతి ఇంటర్వ్యూ చివరా ఒక మాట అనేవాడు. “ఏదావదు కేక్కణుమా?” ఏమైనా అడగాలా అని. నిజానికి అది అడగమనడం కాదు, ఇక లేచి పొమ్మనడం. వచ్చినవాళ్ళకు ఆ సంగతి తెలుసు. “ఒణ్ణుమిల్లె సార్,” ఏమీ లేదు సార్, అని దణ్ణం పెట్టి లేచేవాళ్ళు. రెండేళ్ళ కిందట నేనూ అట్లాగే లేచాను. ఏ తరగతి ఇస్తారో కూడా అడగకుండా చేరిపోయాను. ఆ రోజు వచ్చిన మొదటి ఇద్దరూ అంతే.

మూడో ఆమె లేవలేదు. తిరుత్తణి నుంచి వచ్చింది. నాకంటే ఒకటి రెండేళ్ళు చిన్నది. తండ్రి రైల్వేలో గ్యాంగ్‌మన్. టీచరు ట్రైనింగులో మంచి మార్కులు. సారు ఆ మాట అనగానే సంచీలోంచి మడత పెట్టిన కాగితం తీసి, “మూడు అడగాల సార్” అంది తమిళంలో.

నేను కలం ఎత్తి పట్టుకుని అట్లాగే ఉండిపోయాను. ఆమె అడిగింది. క్లాసులో ఎంతమంది పిల్లలు? ముందున్న టీచరు ఎందుకు మానేసింది? తనకు జబ్బు చేసి రాలేకపోతే పిల్లల్ని ఎవరు చూస్తారు? సారు కోపగించుకుంటాడనుకున్నాను. కుర్చీలో కొంచెం ముందుకు జరిగి ఒక్కొక్కదానికీ జవాబు చెప్పాడు. యాభై మంది పైనే ఉంటారు. ఆమెకు పెళ్ళయి బెంగుళూరు పోయింది. మూడోదానికి నా వైపు చూపించి, “ఈమె చూస్తుంది” అన్నాడు.

ఆమె కాగితం మడిచి సంచీలో పెట్టింది. అప్పుడు నా వైపు తిరిగింది. లోపలికి వచ్చే ముందు వరండాలో నేను ఆయాతో తెలుగులో మాట్లాడడం విన్నట్టుంది.

“అక్కా, ఇది కాయితంలో రాయలా. ఈడ టీచర్లు నీళ్ళు తాగే కుండ ఒకటేనా?”

“ఒకటే. ఎందుకు?”

“నేనూ దాంట్లోనే ముంచుకోవచ్చునా?”

అప్పటికిగాని నాకు అర్థం కాలేదు. మా పల్లెలో ఆమె కులంవాళ్ళ పేట వేరు. ఆ పేట మనుషులు మా కళ్ళంలో పొద్దస్తమానం పనిచేసినా, దాహమైతే మా వాకిట్లో నిలబడి దోసిలి పట్టేవాళ్ళు. మా అమ్మ పైనుంచి పోసేది. చిన్నప్పుడు నేనూ పోశాను. ఆ చేతులు తప్ప ముఖాలు నాకు గుర్తు లేవు.

“ఇదేం ప్రశ్నమ్మా? ఇది బడి. అందరం ఒకే కుండలో తాగుతాం” అన్నాను. కొంచెం కోపంగానే అన్నాను. నన్ను అంత తక్కువగా ఎంచిందే అని నా బాధ.

ఏం అడుగుతోందని సారు నన్ను అడిగాడు. “తాగడానికి నీళ్ళు ఉంటాయా అంటోంది సార్” అని తమిళంలో చెప్పాను. ఆయన పెద్దగా నవ్వి, మా బావి నీళ్ళు చక్కెరలాగా ఉంటాయని, ఈ వీధిలో అందరూ ఇక్కడికే వచ్చి తోడుకుపోతారని చెప్పాడు. ఆమెకు తమిళం నాకంటే బాగా వచ్చు. తను అడిగినదాన్ని నేను ఎట్లా మార్చానో విన్నది. నా ముఖంలోకి ఒకసారి చూసి, సంచీ తీసుకుని లేచింది.

ఉద్యోగం ఆమెకే ఇచ్చారు.

సోమవారం ఇంటర్వెల్లులో నేను చేసిన పనిని ఇక్కడ రాయాలి. మా టీచర్లలో పెద్దామె మా కులపామె, మా పక్కవూరి మనిషి. ఆమె టిఫిన్ డబ్బా కడుక్కుంటుంటే పక్కన నిలబడి శనివారం ముచ్చటంతా చెప్పాను. ఎగతాళిగా కాదు, మెచ్చుకుంటూనే చెప్పాను. ముచ్చట చెప్పేటప్పుడు ఎదుటివాళ్ళ కళ్ళు పెద్దవవుతుంటే ఒక ఉత్సాహం వస్తుంది చూడండి, దానికోసం చెప్పాను.

“ఎంత ధైర్యమక్కా ఆ పిల్లకి! సారును మూడు ప్రశ్నలు అడిగింది. నన్నేమో కుండ ఒకటేనా, నేనూ ముంచుకోవచ్చునా అని అడిగింది.”

పెద్ద టీచరు చేతిలో డబ్బా మూత ఆగింది. “అట్లనా?” అంది. “పేరు చూస్తే తెలీలేదే.”

అంతే అంది. నేను క్లాసుకు పోయాను.

కొత్త టీచరు చేరింది. తిరుత్తణిలో ఎక్కే బండే నాకు తిరువాలంగాడులో వచ్చేది. ఆమె తలుపు దగ్గర నిలబడి చెయ్యి ఊపేది. పక్కన సంచీ పెట్టి నాకు చోటు ఉంచేది. రెండు వారాలు అట్లా కలిసి వచ్చాం. చింతగింజలతో కూడికలు ఎట్లా నేర్పాలో, వెనక బెంచీ పిల్లలు ఎందుకు మాట్లాడరో, అవే మాటలు. మధ్యలో ఒకరోజు తను ముందు పనిచేసిన పల్లెటూరి బడి సంగతి చెప్పింది.

“ఆడ నేనేమీ అడగలేదక్కా. చేరిన రెండో దినం చూస్తే గోడకి మేకు కొట్టి ఒక అల్యూమినియం గ్లాసు తగిలించి ఉణ్ణింది. ఎవురూ ఒక మాట అనలా. గ్లాసు నాదని నాకే తెలిసిపోయింది. అందుకే ఈ తడవ ముందే అడిగినా.”

“మా బడిలో అట్లాంటివి ఉండవు” అన్నాను. అప్పటికి అది నిజమే.

మొదట పెద్ద టీచరు ఇంటి నుంచి మరచెంబు తెచ్చుకోవడం మొదలుపెట్టింది. ఇత్తడిది, మూత తిప్పి బిగించేది, తీర్థయాత్రలకు తీసుకుపోతారే, అది. కడుపులో మంట, జీలకర్ర నీళ్ళు తాగమన్నారట. తరువాత నాలుగో తరగతి టీచరు సీసా తెచ్చింది. తరువాత ఇంకొకామె. ఎవరి కారణం వాళ్ళకు ఉంది. గోడకు మేకు కొట్టలేదు, గ్లాసు వేరు చెయ్యలేదు. కుండ ఉన్నచోటనే ఉంది. దాని మీద మూత, మూత మీద గ్లాసు.

కొన్నాళ్ళు ఆ కుండలో తాగింది మేమిద్దరమే. ఒక మధ్యాహ్నం నేను గ్లాసు ముంచుతుంటే పెద్ద టీచరు పక్కకు వచ్చి మెల్లగా అంది.

“నీకు సంబంధాలు చూస్తా ఉండారు గదమ్మే. నేనేమీ చెప్పను. చెప్పేవాళ్ళు చెప్తారు.”

ఆమె చెల్లెలి అత్తవారి వైపు నుంచే నాకొక సంబంధం వచ్చి ఉంది. ఆమె ఇంకేమీ అనలేదు, అనవలసిన పనీ లేకపోయింది. మర్నాడు నేను మా నాయన మరచెంబు సంచీలో పెట్టుకుని వచ్చాను.

“ఏందక్కా, నీళ్ళు తెచ్చుకున్నారు?” అని కొత్త టీచరు అడిగింది.

“గొంతు నొప్పి. కాచిన నీళ్ళు తాగమన్నాడు డాక్టరు.”

“అయ్యో, వానలు మొదలయినాయి గదా” అంది. ఆ మర్నాడు పొద్దున న్యూస్‌పేపర్లో చుట్టిన ఒక పొట్లం నా చేతిలో పెట్టింది. వాళ్ళ పెరట్లో పెరిగే వామాకు. “మిరియాలతో నూరి, తేనెతో నాకండి. మా యమ్మ ఇదే ఇస్తాది. రెండు దినాల్లో పోతాది.”

ఆ పొట్లం సాయంత్రం దాకా నా బల్ల మీద ఉంది. గదంతా ఆ వాసన. ఇంటికి పోతూ తిరువాలంగాడు స్టేషన్లో దిగి, ప్లాట్‌ఫారం చివరికి నడిచి, ముళ్ళకంపల్లో విసిరేశాను. ఇంట్లో ఎవరిచ్చారని అడిగేవాళ్ళు కూడా లేరు. వామాకు మా దొడ్లోనూ ఉంది. అయినా విసిరేశాను. ఎందుకని ఎన్నోసార్లు నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. ఇంటికి తీసుకుపోతే ఆ ఆకు నా అబద్ధాన్ని మాత్రమే గుర్తు చేసేదని చెప్పుకునేదాన్ని. అది సగమే నిజం. మిగతా సగం, మా అమ్మ పైనుంచి నీళ్ళు పోసిన ఆ వాకిట్లోనే ఉంది.

మూడో రోజున ఆమె అడిగింది, “తగ్గిందా అక్కా?” “తగ్గింది” అన్నాను. తగ్గినా మరచెంబు మాత్రం తెస్తూనే ఉన్నాను.

ఆగస్టులో అనుకుంటాను, ఒక మధ్యాహ్నం అందరం అన్నాలు తింటున్నాం. కుండ నింపే ఆయా ముసలామె, తెలుగామే. బిందె నడుం మీద పెట్టుకుని వచ్చి మూత తీసి చూసి గట్టిగా అంది.

“ఏందమ్మా ఇది, నాలుగు దినాలుగా చూస్తా ఉండా. పోసిన నీళ్ళు పోసినట్టే ఉండాయి. మీరెవురూ తాగరా? బావి కాణ్ణించి మోసేదానికి నాకేమన్నా సరదానా?”

ఎవరూ తల ఎత్తలేదు. నేను అన్నంలో రాయి ఏరుతున్నట్టు వేళ్ళతో వెతుకుతున్నాను. అందరి పక్కనా సీసాలూ చెంబులూ వరసగా ఉన్నాయి. కొత్త టీచరు ఒక్కొక్కదాన్నే చూసింది. చివరికి నా మరచెంబు దగ్గర ఆమె చూపు ఆగింది. లేచి చెయ్యి కడుక్కుని, గ్లాసు ముంచి నిండా తాగి, మూత సరిగ్గా పెట్టింది.

“నేను తాగతా ఉండా గదవ్వా. రేపట్నుంచి సగమే పొయ్యి. నాకు చాలు.”

ఆ సాయంత్రం ఆమె గేటు దగ్గర నాకోసం ఆగింది. పిల్లలు వెళ్ళిపోయారు. నేను తప్పించుకుని పోవడానికి ఇంకో దారి లేదు.

“నేను అడిగిందాంట్లోనే పొరపాటు ఉండాదక్కా” అంది. గొంతులో కోపం లేదు. పిల్లవాడి లెక్క తప్పు ఎక్కడ వచ్చిందో చూపిస్తున్నట్టుగా చెప్పింది. “కుండ ఒకటేనా అని అడిగినా. ఒకటే అని మీరు చెప్పినారు. అది నిజమే. నేను దాంట్లో తాగినాక మీరూ తాగతారా అని అడిగుండాల.”

నేను మరచెంబు ఉన్న సంచీని ఇంకో భుజానికి మార్చుకున్నాను.

“ఇంకొకటి. నా పేరు చూస్తే ఎవురికీ తెలీదు. సారుకు తెలుగు రాదు. ఆ గదిలో ఉణ్ణింది మనం ముగ్గురమే.”

ఆమె అక్కడితో ఆపింది. నేను ఏదైనా అంటానని కాసేపు చూసింది. సంబంధం సంగతి చెప్పబోయి, అది ఎంత చిన్నగా వినిపిస్తుందో తోచి మానుకున్నాను. క్షమించమనీ అనలేదు. “బండికి టైమయింది” అన్నాను. ఇద్దరమూ పోవలసింది ఒకే బండికి. అయినా నేను ముందు గబగబా నడిచిపోయి చివరి పెట్టెలో ఎక్కాను. ఆ తరువాత రోజూ చివరి పెట్టెలోనే. పొద్దున తిరువాలంగాడులో బండి ఆగుతుంటే ఆమె పెట్టె నా ముందు నుంచి దాటిపోయేది. తలుపు దగ్గర ఎవరూ నిలబడేవాళ్ళు కాదు.

ఆమె మధ్యలో మానెయ్యలేదు. పిల్లకాయల పరీక్షలు అయ్యేదాకా ఉంటానని సారుకు చెప్పిందట. ఏప్రిల్ దాకా రోజూ వచ్చింది, ఆ కుండలోనే తాగింది, అందరితోనూ అవసరమైనంత మాట్లాడింది. రెండో తరగతి పిల్లలు ఎప్పుడూ లేనంత బాగా చదివారు. ఎందుకు పోతున్నావని సారు అడిగితే, మద్రాసు దారిలో ఆవడిలో ఒక బడిలో చోటు దొరికిందని చెప్పింది. అది తప్ప ఇంకే కారణమూ చెప్పలేదని రిజిస్టరులో రాసింది నేనే. సారుకు అసలు సంగతి చెప్పడానికి నాకు ఆ సంవత్సరమంతా వ్యవధి ఉంది. ఆయన ఏమనేవాడో నాకు తెలియదు. నేను చెబితేగదా తెలిసేది.

పెద్ద టీచరు తెచ్చిన సంబంధం కుదరలేదు. రెండేళ్ళ తరువాత వేరే సంబంధం కుదిరి నేను తిరుత్తణికి కోడలిగా పోయాను. ఉద్యోగం మానేశాను.

ఎనభైల మధ్యలో మా ఆడబిడ్డ టీచరు ట్రైనింగు పూర్తిచేసింది. మా ఆయనకు ఒక్కతే చెల్లెలు, నన్ను అక్కలాగా చూసేది. ఆవడిలో ఫ్యాక్టరీ క్వార్టర్ల పక్కనున్న ఒక బడి నుంచి దానికి ఇంటర్వ్యూ కార్డు వచ్చింది. అక్కడి హెడ్మిస్ట్రెస్ తిరుత్తణి మనిషేనని, గ్యాంగ్‌మన్ కూతురని ఎవరో చెప్పారు. ఇంకేం అడగనక్కరలేదు, ఎవరో నాకు తెలిసిపోయింది. మా ఆడబిడ్డ ఎగిరి గంతేసింది.

“నీకు తెలిసినామేనా వదినా? అయితే ఒక మాట చెప్పకూడదా?”

ఇన్నేళ్ళలో ఆమె ఇల్లు ఎక్కడో కనుక్కుని పోవాలని నాకు తోచలేదు. ఇప్పుడు వారం తిరక్కుండానే మా ఆడబిడ్డను వెంటబెట్టుకుని ఆవడి బండెక్కాను.

బడి వదిలే వేళకు పోయాం. ఆమె కొంచెం ఒళ్ళు చేసింది, కళ్ళద్దాలు వచ్చాయి. నన్ను చూడగానే గుర్తుపట్టింది. “రాండి అక్కా” అని కుర్చీలు వేయించింది. మా ఆడబిడ్డ సర్టిఫికెట్లు చూసింది. సిఫారసు మాట నేను ఎత్తబోతుంటే తనే ముందు చెప్పింది.

“ఇంటర్వ్యూలో నేనూ ఉంటానమ్మా. ఎవురికీ నేను చెప్పేది లేదు. నువ్వు బాగా చెప్తే వస్తాది.” తరువాత అంది, “ఆఖర్న ఏమన్నా అడగాలా అంటారు. ఊరికే లేచి రావద్దు.”

“ఏం అడగాల మేడమ్?”

“నీ ముందుండేవాళ్ళు ఎందుకు పోయినారో అడుగు. అసలు సర్టిఫికెట్లు వాళ్ళ దగ్గర పెట్టుకుంటారా, చూసి ఇచ్చేస్తారా అడుగు. నీకు కష్టమొస్తే ఎవురితో చెప్పుకోవాలో, ఆ మనిషి పేరు అడుగు. పేరు చెప్పలేకపోతే అట్లాంటి మనిషి లేడని అర్థం.”

“అడిగితే కోపం రాదా?”

“రానీ. కోపమొచ్చే చోటని ముందే తెలిసిపోతాది గదా.”

మా ఆడబిడ్డ నవ్వింది. చేతి సంచీలోంచి కాగితం తీసి ఒక్కొక్కటే రాసుకుంది. ఆ అమ్మాయికి ఆమె అరగంట సేపు ఎంతో ఓపికగా చెప్పింది. నేను గోడ మీది టైంటేబులు చదువుతూ కూర్చున్నాను.

పోయేటప్పుడు మా ఆడబిడ్డ ముందు నడిచింది. ఆమె నన్ను గేటు దాకా సాగనంపింది. ఇప్పుడన్నా చెప్పాలనుకున్నాను. ఏళ్ళ తరబడి మనసులో కూర్చుకున్న మాటలే, ఒక్కటీ వరసలో రాలేదు.

“ఆ బడిలో... అప్పుడు నేను...” అన్నాను.

ఆమె ఆగింది. కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంటూ నన్ను చూసింది.

“ఆ మాట చెప్పేదానికి వచ్చినారా అక్కా, ఈ పిల్ల పనికోసం వచ్చినారా?”

ఇంకొక అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. రెండింటికీ అని చెప్పవచ్చు. ఆమె వింటుంది కూడా.

“ఈ పిల్ల పనికోసమే” అన్నాను.

“అట్లయితే ఆ పని చూస్తాం” అంది. “దినమూ వచ్చిపోవాలంటే పొద్దున బండి కాస్త ముందుది పట్టుకోమని చెప్పండి. తరువాతి దాంట్లో నిలబడేదానికి కూడా చోటుండదు.”

ఇక చెప్పవలసింది ఏమీ లేనట్టు లోపలికి వెళ్ళిపోయింది.

మా ఆడబిడ్డకు ఆ ఉద్యోగం వచ్చింది. ఎవరూ ఇప్పించలేదు, అదే సంపాదించుకుంది. ఆ అమ్మాయి సాయంత్రం ఇంటికి రాగానే మొదలుపెట్టేది. మా మేడమ్ ఇట్లా అన్నారు, మా మేడమ్ అట్లా చేసినారు. “నువ్వూ ఆమెతో పనిచేసినావు గదా వదినా, అప్పుడు ఎట్లా ఉణ్ణిండె?” అని అడిగేది. “ఇట్లాగే” అని నేను పొయ్యి దగ్గరికి పోయేదాన్ని. ఒకసారి, మా మేడమ్ నీ గురించి ఎప్పుడూ ఏమీ చెప్పరు, అడిగితే ‘మీ వదిన చేతిరాత బాగుంటుంది’ అన్నారు, అని వచ్చి చెప్పింది. ఆ రాత్రి నేను అన్నం తినలేదు.

ఆవడికి నేను మళ్ళీ పోలేదు. పోవడానికి ఏ పనీ పడలేదు. పని లేకుండా పోవడమే సరయిన పోవడమని తెలుసు. తెలిసీ పోలేదు. ఎన్నో ఏళ్ళకు ఆమె రిటైరయి కొడుకు దగ్గరికి పోయిందని మా ఆడబిడ్డే చెప్పింది. ఎక్కడికి అని నేను అడగలేదు.

ఈ సంగతి మా ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. మా ఆడబిడ్డకు చెప్పాలని ఎన్నిసార్లో కూర్చోబెట్టుకుని వేరే మాట్లాడి లేచాను. చివరికి రాస్తే నయమనుకుని రాశాను. మా ఆడబిడ్డ తెలుగు గలగలా మాట్లాడుతుంది. కానీ చదివింది అంతా తమిళ బళ్ళలో. తెలుగు అక్షరం దానికి రాదు. నాకు రెండూ రాయడం వచ్చు. అయినా తెలుగులోనే రాశాను.